మెషీనుకు అవతలి కొస

మా పిన్ని ఏ కాగితాన్నీ ఊదకుండా ముట్టుకోదు. పొద్దున్నే పేపరు చేతికిస్తే ముందు మడతల అంచున ఉఫ్ అంటుంది. కొట్లో సంచి ఇస్తే ఊదుతుంది. మా బుజ్జిదాని డైపర్ల కట్టలోంచి ఒకటి తీయాలన్నా సరే, కట్టను కాస్త వంచి, అంచుల మీద బొటనవేలు జరజరా నడిపి, ఊది, అప్పుడు తీస్తుంది. పొరపాటున రెండు కలిసి వచ్చాయంటే ఆమె ముఖం చూడాలి. ఏదో ఘోరం జరిగిపోయినట్టు గబగబా విడదీసి, రెండోదాన్ని దాని చోట పెట్టేదాకా ఊపిరి పీల్చుకోదు. మా మేడలోని పిల్లలు ఆమెకు ఊదమ్మ అని పేరు పెట్టారు. ఎదురుపడి ఎవరూ అనరు గాని, మెట్ల మీద వెనకనుంచి ‘ఉఫ్’ మని ఊది పారిపోతుంటారు. ఆమె వెనక్కి తిరగకుండానే, “గాలి చాల్లేదురా, ఇంకాస్త అన్నం తినిరా” అంటుంది.

నిజానికి ఆమె నాకు వరసకు ఏమీ కాదు. మా కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. బుజ్జిది పుట్టాక నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చినప్పుడు, పగటిపూట పిల్లను చూసుకుంటానని తనే అడిగింది. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. రోజంతా గాజుపలకల కింద క్రిములను చూసే మనిషికి పిల్లను ఇంకొకరి చేతిలో పెట్టడం ఎంత కష్టమో చెప్పలేను. మొదటి వారం పిన్ని బుజ్జిదాని ముఖం మీద ఊదుతూ నవ్విస్తుంటే చూసి నా ప్రాణం విలవిల్లాడింది. ఉండబట్టలేక, నోటి గాలిలో ఏమేం ఉంటాయో మెల్లగా చెప్పాను. పిన్ని అంతా శ్రద్ధగా విని, “మీ అమ్మ నిన్ను గాజు సీసాలో పెట్టి మూత బిగించి పెంచిందా అమ్మాయ్?” అంది. ఆ తర్వాత నేను ఉన్నంతసేపూ మాత్రం ఊదడం మానేసింది. నేను లేనప్పుడు ఏం చేసేదో అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. మా దగ్గర కళ్ళు మూయని పిల్ల ఆమె భుజం మీద ఇట్టే నిద్రపోయేది. పిన్ని జోల పాడదు. నెమ్మదిగా ఊగుతూ నోటితో ఒక చప్పుడు చేస్తుంది. ముందు గాలి పీల్చినట్టు, వెంటనే టక్కుమని వదిలినట్టు, ఆపైన ఏదో జారిపోయినట్టు సర్రుమని. మళ్ళీ మొదటికి. నేనూ మా ఆయనా అదే చప్పుడు మా నోటితో చేసి చూశాం. బుజ్జిది మమ్మల్ని వింతగా చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. అదేం చప్పుడని అడిగితే, “నేను పని చేసిన మెషీనుది” అంది పిన్ని.

ఊళ్ళోని బిల్లులన్నీ కవర్లలోకి దూరే చోట ఆమె ఉద్యోగం. నీళ్ళ బిల్లులు, కరెంటు బిల్లులు, టెలిఫోను బిల్లులు అచ్చై, కట్టలు కట్టలుగా అక్కడికి వచ్చేవి. రేకుల కప్పు వేసిన పొడవాటి హాలు. దాని మధ్యలో రైలుపెట్టెంత మెషీను. ఈ కొసన కాగితాల దొంతర పెడితే, రబ్బరు మూతులు కిందికి దిగి పైకాగితాన్ని పీల్చి లేపేవి. రోలర్లు దాన్ని లాక్కుని, మడిచి, కవరులోకి తోసి, కవరు అంచు తడిపి అతికించి, అవతలి కొసన పడేసేవి. ఇక్కడ పెట్టేది పిన్ని. అక్కడ అందుకునేది ఇంకొకరు. మధ్యలో మాట వినపడనంత మోత.

పెట్టడమంటే దొంతర పెట్టి నిలబడటమే కదా అనుకున్నాను. కాదట. కొత్త కాగితాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. తేమ వల్ల, రాపిడిలో పుట్టే విద్యుత్తు వల్ల, కత్తికి సరిగా తెగక అంచులు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం వల్ల అలా జరుగుతుందని నేను వివరించబోయాను. పిన్ని ఒప్పుకుంది. “నిజమే. మాకూ అలాగే చెప్పారు. నాకు మాత్రం కాగితానికి ఒంటరిగా వెళ్ళడం ఇష్టం ఉండదేమో అనిపించేది” అంది. అందుకే కట్టను వంచి, అంచులు విసనకర్రలా విప్పి, ఒక్కో పొర మధ్యకు గాలి పట్టించి, అప్పుడు పెట్టాలి. లేకపోతే రెండు కాగితాలు కలిసి పోతాయి. దాన్ని వాళ్ళు డబుల్ అనేవారు. డబుల్ పడితే ఒకరింటి బిల్లు మరొకరింటికి చేరుతుంది.

ఆ ఉద్యోగం ఆమెకు వాళ్ళన్నయ్య ఇప్పించాడు. ఆయన ఆ హాలుకే మెకానిక్. తండ్రి లేని ఇల్లు, అన్నయ్య మాటే చివరి మాట. చేరిన రోజున మెషీను ఎలా ఆపాలో చూపించి, “ఇక్కడ అందరూ నిన్ను నా చెల్లెలిగానే చూస్తారు. నా తల దించే పని మాత్రం చెయ్యకు” అన్నాడట. చెడ్డవాడు కాదు, అన్నగా అలా అనాలి కాబట్టి అన్నాడు. పిన్ని ఆ మాటను గుండెలో మేకులా దిగ్గొట్టుకుంది.

అవతలి కొసన అందుకునే మనిషి పేరు పిన్ని నాకు ఎప్పుడూ చెప్పలేదు. “అవతలాయన” అనేది. పొడుగు మనిషి, చొక్కా చేతులు మోచేతులదాకా మడిచేవాడు, తుమ్మితే మోతలో కూడా వినపడేది. అంతకు మించి వర్ణించలేదు. ఇద్దరికీ మధ్య మెషీనంత పొడవు దూరం. మాటలు లేవు. కాగితాలుండేవి.

ఈ కొసనుంచి ఆ కొసకు కబురు చెప్పడానికి మూడు రంగు కాగితాలు ఇచ్చేవారు. ఒక కట్ట అయిపోతే పసుపుది. కాగితం బాగా లేకపోతే, చూసుకొమ్మని ఎర్రది. కొత్త పని మొదలవుతుంటే ఆకుపచ్చది. వాటి అంచున నల్లటి పట్టీ ఉండేది. మెషీను లోపలి కన్ను ఆ పట్టీని చూడగానే చిన్న తలుపు తెరిచి, దాన్ని మడవకుండా, కవరులో పెట్టకుండా పైనుంచి నేరుగా అవతలికి పంపేసేది. అందుకున్న మనిషి దాన్ని తలమీదికి ఎత్తి చూపించాలి. అందింది అని అర్థం. మిగతావాళ్ళు ఏదో మొక్కుబడిగా చెయ్యి ఆడించి ఊరుకునేవారు. అవతలాయన మాత్రం కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని తలమీదికి ఎత్తి, పిన్ని తల ఊపేదాకా దించేవాడు కాదు.

షిఫ్టు ముగిశాక రంగు కాగితాలను అందుకునేవాళ్ళే తిరిగి తెచ్చివ్వాలి. మోత ఆగిన హాలులో ఆయన మెషీను పక్కనుంచి నడిచి వచ్చి, మూడు కాగితాలూ అంచులు సరిచేసి ఇచ్చి, “మీ కాగితాలు మీకు” అనేవాడు. పిన్ని చూసుకుని, “సరిపోయాయి” అనేది. అంతే. కొన్నేళ్ళపాటు వాళ్ళు రోజూ మాట్లాడుకున్నది ఇదే. ఆ రెండు మాటలకోసం పొద్దున జడ వేసుకునేటప్పుడు ఇంకాస్తసేపు అద్దం ముందు నిలబడేదాన్నని పిన్ని నాకు చెప్పినప్పుడు, బుజ్జిదాని ముఖం తుడుస్తూ చెప్పింది, నావైపు చూడకుండా.

ఒక సాయంత్రం ఆయన కాగితాలిస్తూ మామూలు మాటకు ఇంకో మాట కలిపాడు. వేరే ఊరి శాఖకు బదిలీ వచ్చింది. రేపు షిఫ్టు అయ్యేలోగా ఒప్పుకుంటూ సంతకమైనా పెట్టాలి, వద్దనైనా రాసివ్వాలి. అన్నయ్య అక్కడే, స్పానర్లు సర్దుకుంటూ ఉన్నాడు. అవతలాయన గొంతు తగ్గించి, “మీరు ఉండమంటే ఉంటాను. నోటితో చెప్పక్కర్లేదు. రేపు కట్ట మధ్యలో ఒక ఆకుపచ్చది పంపండి. రాకపోతే నాకు అర్థమవుతుంది” అన్నాడు.

మర్నాడు ముసురు పట్టింది. గాలిలో తేమకు కాగితాలు ఉబ్బి ఉన్నాయి. డబుల్ పడితే మందాన్నిబట్టి కనిపెట్టి మెషీనును ఆపేసే చిన్న చక్రం ఒకటుండేది. ఉబ్బిన కాగితాలకు అది ఊరికే ఆపేస్తుంటే, వదులు చేద్దామని అన్నయ్య వచ్చి మెషీను మీదికి వంగాడు. పిన్ని అప్పటికే కట్ట మధ్యలో ఆకుపచ్చది దూర్చింది. ఇక కట్ట విప్పి గాలి పట్టించాలి. విప్పితే ఆ తెల్ల కాగితాల మధ్య ఆకుపచ్చ రంగు అన్నయ్య ముక్కు ముందే మెరుస్తుంది. కొత్త పనేదీ లేదుగా, ఇదెందుకు మధ్యలో అని అడుగుతాడు. ఏమని చెప్పాలి? ఆమె తన ఉద్యోగంలో మొదటిసారి కట్టను విప్పలేదు, ఊదలేదు. అంచులు బల్లకేసి తట్టి అలాగే పెట్టేసింది.

అన్నయ్య వీపు అడ్డంగా ఉంది కాబట్టి అవతలి కొస కనపడలేదు. ఆయన లేచి పక్కకు తప్పుకునేసరికి ఆ కట్ట అయిపోయింది. అవతలాయన తల వంచుకుని కవర్లు అందుకుంటున్నాడు. ఎత్తి చూపించాడనే అనుకుంది. తను చూడలేకపోయాననుకుంది.

షిఫ్టు ముగిశాక ఆయన నడిచి రాలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. రంగు కాగితాలు ఇంకెవరో తెచ్చి బల్లమీద పడేశారు. పసుపుది, ఎర్రది. ఆకుపచ్చది లేదు. పిన్ని గుండె ఎగిరి గంతేసింది. దాచుకున్నాడనుకుంది. మరుసటి వారం ఆయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడని తెలిసింది.

“తీసుకున్నాడు, అయినా వెళ్ళాడు అనుకున్నాను అమ్మాయ్. ఎంత కోపం వచ్చిందో. ఆ కోపంతోనే చాలాకాలం బతికేశాను” అంది.

అవతలాయన పెళ్ళి కబురు హాలులో అందరితోపాటే ఆమె కూడా వింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమెను తిరిగొచ్చిన కవర్లు విప్పే బల్లకు వేశారు. ఇల్లు తాళం వేసి ఉందనో, మనిషి లేడనో వెనక్కి వచ్చిన కవర్లను ఇంకో చిన్న మెషీను అంచు కోసి ఇచ్చేది. లోపలి బిల్లు తీసి పక్కన పెట్టాలి. ఒక పాత నీళ్ళ బిల్లు తీస్తే, దాని మడతల్లో దానితోపాటే మడత పడి ఆకుపచ్చ కాగితం ఉంది. పైన బిల్లు అంటుకుని ఉండటంతో నల్లపట్టీ మెషీను కంటికి కనపడలేదు, అన్నయ్య వదులు చేసిన చక్రం డబుల్ అని ఆపలేదు. రెండూ కలిసి ఎవరింటికో వెళ్ళి, ఆ ఇంట్లో ఎవరూ లేక తిరిగివచ్చాయి.

దాన్ని దాచుకున్నారా అని అడిగాను. పిన్ని నన్ను వింతగా చూసింది. “మడత పడ్డ కాగితం మళ్ళీ మెషీనులో పెడితే ఇరుక్కుంటుంది. చింపి బుట్టలో వేశాను. ఏం చేసుకోను, దాని మీద ఏమన్నా రాసుందా?”

అప్పటినుంచే ఏ కాగితం కనపడ్డా ఈ ఊదడం. ఆ తర్వాత సంబంధాలు వచ్చాయి, పోయాయి. అన్నయ్య పిల్లల్ని పెంచింది. చాలా ఏళ్ళకు ఒకసారి, అన్నం తింటూ ఏదో మాటల్లో, అన్నయ్యే అన్నాడట, ఆ పొడుగాయన మంచివాడు, నీకు అడుగుదామా అనుకునేలోపే బదిలీ అయి వెళ్ళిపోయాడు అని. పిన్ని లేచి వెళ్ళి మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. అక్కడ అప్పటికే ఒక చెంబుంది.

ఇదంతా విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నేను అలాంటి రకం. బుజ్జిది నిద్రలో కదలకపోతే, హాయిగా పడుకుందని కాదు, ఊపిరి ఆడుతోందా అని చూసే రకం. ఎవరిద్వారానైనా ఫోను నంబరు కనుక్కుని ఆయనకు ఒక్కమాట చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాను. “ఏమని చెప్పాలి? ఫలానా ముసురు రోజున నేను కట్ట ఊదలేదండీ అనా?” అని నవ్వింది. కాసేపటికి, “ఇప్పుడు నాకేమీ అక్కర్లేదమ్మా. నేను పంపలేదనుకుని వెళ్ళాడు. పంపానని తెలిస్తే చాలు” అంది.

ఈమధ్య ఆ హాలు మూసేస్తున్నారని కబురొచ్చింది. బిల్లులు ఇప్పుడు ఫోన్లకే వస్తున్నాయి, కవర్లతో పనిలేదు. మెషీనును విప్పి పట్టుకెళ్ళేముందు ఒకసారి నడిపి చూపిస్తామని, పాత మనుషులను రమ్మని పిలిచారు. “నువ్వు కూడా రా అమ్మాయ్. దీన్నీ తీసుకురా. దాని జోలపాట దానికి చూపిద్దాం” అంది పిన్ని. అవతలాయన వస్తున్నాడో లేదో ఆమె అడగలేదు. కాని ఇస్త్రీ చీర కట్టుకుంది. నేను థర్మామీటరు, కాచిన నీళ్ళ సీసా, బుజ్జిదాని చెవులకు దూది, దాని మీద టోపీ, అన్నీ సర్దుకున్నాను.

హాలు నేను ఊహించినదానికన్నా చిన్నది. మెషీను ఊహించినదానికన్నా పెద్దది. నెరిసిన తలలు గుంపుగా నిలబడి ఒకరినొకరు గుర్తుపట్టుకుంటున్నాయి. పిన్ని వాళ్ళన్నయ్య చేతికర్ర గోడకు ఆనించి, మెషీను మూత తీసి లోపల చెయ్యి పెట్టి నూనె వేస్తున్నాడు. అప్పుడు ఎవరో పెద్దగా తుమ్మారు. పిన్ని చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

ఆయన కొంచెం వంగిపోయాడు, అయినా అందరికన్నా పొడుగే. భార్య కూడా వచ్చింది. కలుపుగోలు మనిషి. వచ్చీరాగానే నా చేతిలోంచి బుజ్జిదాన్ని అందుకుంది. పిన్నికీ ఆయనకూ మధ్య నమస్కారాలయ్యాయి. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. ఆపైన మాట ఆవిడే అందుకుంది. “మా ఆయన ఇంట్లో కూడా అంతేనండీ. ఒకళ్ళు తెచ్చి చేతిలో పెడితే అందుకోవడమే తప్ప, తనంతట తను గ్లాసుడు నీళ్ళు తీసుకోడు.” అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆవిడ మంచితనం చూస్తుంటే, ఇక పిన్ని నోరు తెరవదని నాకు అర్థమైంది.

పాత మనుషులే పాత చోట్లలో నిలబడాలని ఎవరో అన్నారు. పిన్ని ఈ కొసకు వచ్చింది. ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ ఆ కొసకు వెళ్ళాడు. మిగిలిపోయిన కాగితాల కట్ట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టారు. పక్కన పెట్టెలో మూడు రంగు కాగితాలు ఉన్నాయి. అన్నయ్య ఆమె పక్కనే, స్విచ్చు దగ్గర నిలబడ్డాడు.

పిన్ని కట్టను సగానికి ఎత్తి, ఆకుపచ్చది మధ్యలో పెట్టింది. అన్నయ్య చూశాడు. “కొత్త పనేముందమ్మా, ఆకుపచ్చది ఎందుకు?” అన్నాడు. పిన్ని కట్టను అందరి ముందూ విసనకర్రలా విప్పింది. తెలుపు మధ్యలో ఆకుపచ్చ మెరిసింది. ఒకసారి ఊదింది. తిప్పి రెండోవైపు ఊదింది. మళ్ళీ విప్పింది. ఎవరో వెనకనుంచి, ఇవాళంతా ఊదుతూనే ఉంటుందా అని నవ్వారు. బల్లకేసి తట్టి, దొంతర పెట్టి, తల ఊపింది.

మోత మొదలైంది. బుజ్జిది ఆవిడ భుజం మీదనుంచి తలెత్తి మెషీను వైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. పీల్చడం, టక్కుమనడం, సర్రుమని జారడం. తెల్లవి ఒకటొకటిగా వెళ్తున్నాయి. ఈసారి అన్నయ్య పక్కకు తప్పుకునే నిలబడ్డాడు. చిన్న తలుపు తెరుచుకున్న చప్పుడు నాకు కూడా వినపడింది.

ఆయన చేతిలోకి ఆకుపచ్చ కాగితం వచ్చింది. అలవాటుగా ఎత్తబోయి ఆగాడు. కట్ట ఇంకా సగమే అయింది. కాగితం వంక చూశాడు, మెషీను పొడవునా ఇటు చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని తలమీదికి ఎత్తాడు. పిన్ని తల ఊపింది. ఆయన దించలేదు. అవతల కవర్లు వచ్చి పడుతూనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి గుట్టపడి, బల్ల నిండి, నేలమీదికి జారాయి. ఇంకా దించలేదు. అన్నయ్య కంగారుగా స్విచ్చు ఆపేశాడు.

“చూశారా, చెప్పానా” అని ఆవిడ నవ్వుతూనే బుజ్జిదాన్ని నాకిచ్చి, కవర్లు ఏరడానికి వెళ్ళింది. అన్నయ్య అటు చూసి, “డబుల్ పడిందా?” అని కేకేశాడు.

“లేదు. ఒక్కటే వచ్చింది” అన్నాడాయన.

ఆ తర్వాత టీలు, ఫోటోలు అయ్యాయి. వెళ్ళిపోయే ముందు ఆయన మెషీను పక్కనుంచి నడిచి వచ్చాడు. నెమ్మదిగా, ఒక చేత్తో రేకును తాకుతూ. పెట్టెలోని రంగు కాగితాలు తీసి, అంచులు సరిచేసి పిన్ని చేతిలో పెట్టాడు.

“మీ కాగితాలు మీకు” అన్నాడు.

పసుపుది, ఎర్రది. అన్నయ్య తొంగిచూసి, ఆకుపచ్చది లేదే అన్నాడు. కింద పడిందేమోనని కర్ర ఊతంతో వంగి మెషీను కిందికి చూశాడు. ఆవిడ కూడా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వంగింది. బుజ్జిదాన్ని ఎత్తుకుని నేనూ వంగాను.

పిన్ని ఆ రెండు కాగితాలనూ బల్లకేసి తట్టింది.

“సరిపోయాయి” అంది.